సిస్టమ్ ఆన్ కావట్లేదు, బోర్డు మీద లైటు మాత్రం వెలుగుతోంది: ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: రాత్రి మామూలుగానే షట్‌డౌన్ చేసి పడుకున్నారు. పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఫ్యాను తిరగదు, బీప్ రాదు. కేబినెట్ పక్క తలుపు తీసి చూస్తే మదర్‌బోర్డు మూలన చిన్న లైటు మాత్రం వెలుగుతోంది. చూసినవాళ్లు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలన్నిటికీ ఇచ్చే డబ్బా) పోయిందంటున్నారు, కొత్తది కొనమంటారా అని.

ఇప్పుడే కొనకండి. వాళ్లు చెప్పింది తప్పని అనను, నిజంగానే ఎస్‌ఎంపీఎస్సే కావచ్చు. కానీ మీరు చెప్పిన లక్షణాలకి కనీసం నలుగురు అనుమానితులున్నారు: ముందున్న బటన్, దాన్ని వినాల్సిన బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ఇంకెక్కడో షార్ట్ అయి ఎస్‌ఎంపీఎస్‌ని లేవనివ్వని ఏదో ఒక భాగం. ఇందులో ఎవరన్నది తేల్చడానికి ఒక స్క్రూ డ్రైవరు, ఒక జెమ్ క్లిప్పు, ఒక మామూలు మల్టీమీటరు చాలు. గంట పని.

ముందు ఆ లైటు సంగతి. అది వెలుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని కొందరు, వెలిగినా ఆన్ కావట్లేదు కాబట్టి పోయిందని కొందరు అంటారు. రెండూ తొందరపాటే. ఒక ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో నిజానికి రెండు సప్లైలు ఉంటాయి. ఒకటి చిన్నది. గోడ ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సిస్టమ్ ఆపేసి ఉన్నా సరే, అది ఊదారంగు వైరులో 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. స్టాండ్‌బై అంటే ఇదే. మీరు బటన్ నొక్కిన సంగతి బోర్డుకి తెలిసేది ఈ కరెంటుతోనే. రెండోది పెద్దది. 12, 5, 3.3 వోల్టులు ఇచ్చేది, ఫ్యాన్లనీ ప్రాసెసర్నీ నడిపేది అదే. బటన్ నొక్కితే తప్ప అది లేవదు.

మీ బోర్డు మీది లైటు చిన్న సప్లైతో వెలుగుతుంది. అంటే గోడ ప్లగ్గు, పవర్ కేబుల్, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్, లోపలి ఫ్యూజు, స్టాండ్‌బై సర్క్యూటు, ఇంతవరకూ కరెంటు వస్తోంది. పెద్ద సప్లై ఎలా ఉందో ఆ లైటు చెప్పదు. ఇంకో చిక్కు కూడా ఉంది: చిన్న ఎల్‌ఈడీ వెలగడానికి ఒకటో రెండో మిల్లీ ఆంపియర్లు చాలు. స్టాండ్‌బైలో కెపాసిటర్ (ఛార్జిని నిలవ ఉంచే భాగం) ముసలిదైపోయి 5 వోల్టులు ఇవ్వాల్సిన చోట 3.8 ఇస్తున్నా లైటు వెలుగుతూనే ఉంటుంది, బోర్డు మాత్రం లేవలేదు. అందుకే లైటుని సాక్షిగా పిలవండి గానీ తీర్పు దాని చేతిలో పెట్టకండి.

ఇక ఏ పని చేసినా దీని తర్వాతే. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, గోడ నుంచి ప్లగ్గు పూర్తిగా పీకేయండి. ముందున్న పవర్ బటన్‌ని పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీది లైటు మెల్లగా ఆరిపోతుంది. ఆరకపోతే ఇంకాసేపు పట్టుకోండి. తర్వాత ఓ ఐదు పది నిమిషాలు అలా వదిలేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి ఒకసారి నొక్కి చూడండి. ఇది తాయెత్తు వైద్యంలా కనిపిస్తుంది గానీ కాదు. రాత్రి కరెంటు ఎగుడుదిగుడు అయినా, క్షణంపాటు ఎక్కడో షార్ట్ తగిలినా, ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణ సర్క్యూటు తలుపు గడియ వేసుకుంటుంది. ప్లగ్గు అలాగే ఉంచి ఎన్నిసార్లు బటన్ నొక్కినా ఆ గడియ తియ్యదు. కరెంటు పూర్తిగా పోయి, లోపల నిలవున్న ఛార్జి ఖాళీ అయితేనే తీస్తుంది. నా దగ్గరికి చచ్చిపోయిందని తెచ్చిన మెషీన్లలో కొన్ని దారిలోనే బాగైపోయి వచ్చేవి. బండి మీద తెచ్చేంతసేపు ప్లగ్గు లేకుండా ఉండటమే వాటికి వైద్యం.

అలా ఆన్ అయిపోతే సంతోషమే, కానీ మళ్లీ మళ్లీ అవుతుంటే గడియ ఎందుకు పడుతోందో చూడాలి. అది కింద చెప్తాను.

ఆన్ కాకపోతే బటన్ దగ్గరికి రండి. ఇక్కడ నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. రిపేర్లు మొదలుపెట్టిన కొత్తల్లో స్నేహితుడి సిస్టమ్ అచ్చం మీదానిలాగే వచ్చింది. లైటుంది, ఫ్యాను లేదు. చూసీచూడగానే ఎస్‌ఎంపీఎస్ అని తేల్చేశాను. అతను కొత్తది కొన్నాడు. పాతదాని వైర్లన్నీ ఊడదీసి, కొత్తదానివి ఒక్కొక్కటీ బిగించి, చెమటలు తుడుచుకుని బటన్ నొక్కితే ఏమీ లేదు. సరే బోర్డు పోయి ఉంటుందని బోర్డు విప్పడం మొదలుపెట్టాను. విప్పుతుంటే బోర్డు మీది స్విచ్ పిన్నులకి స్క్రూ డ్రైవరు మొన తగిలింది. ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి! ముందు ప్యానెల్ ఊడదీసి చూస్తే విషయం అర్థమైంది. మనం వేలు పెట్టే ప్లాస్టిక్ బటన్ వెనక ఒక సన్నటి కాడ ఉంటుంది, అది వెళ్లి అసలు స్విచ్‌ని నొక్కుతుంది. ఆ కాడ విరిగిపోయింది. నొక్కినప్పుడల్లా టక్కుమని వినిపించిన చప్పుడు ప్లాస్టిక్ మూతది, స్విచ్‌ది కాదు. ఆ చప్పుడు విని బటన్ బాగుందనుకున్నాను. స్నేహితుడు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటాడు.

మీరు చేయాల్సింది ఇది. కేబినెట్ ముందు నుంచి సన్నటి జంట వైర్లు కొన్ని వచ్చి బోర్డు కింది అంచున ఒక చిన్న పిన్నుల గుంపులో కూర్చుంటాయి. పవర్ స్విచ్, రీసెట్, పవర్ లైటు, హార్డ్ డిస్క్ లైటు, నాలుగూ అక్కడే. ఏ పిన్నులు దేనివో బోర్డు మీదే పొట్టి అక్షరాలతో ముద్రించి ఉంటుంది. కనబడకపోతే ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేసుకోండి, లేదా బోర్డు మోడల్ నంబరుతో మాన్యువల్ దించుకోండి. అన్ని వైర్లూ పీకే ముందు ఒక ఫోటో తీయడం మరవకండి, తర్వాత ఏది ఎక్కడిదో అని టెన్షన్ పడక్కర్లేదు. పవర్ స్విచ్ వైరు ఊడదీసి, ప్లగ్గు పెట్టి, ఆ రెండు పిన్నుల్ని స్క్రూ డ్రైవరు మొనతో ఒక్క క్షణం కలిపి వదిలేయండి. పక్క పిన్నులకి తగలకుండా చూసుకోండి. అక్కడ ఉండేది తక్కువ వోల్టేజీయే, షాక్ కొట్టదు. ఫ్యాన్లు లేచాయా, దొంగ దొరికినట్టే. స్క్రూ డ్రైవరుతో చేయడం భయమనిపిస్తే రీసెట్ బటన్ వైరుని తెచ్చి పవర్ పిన్నుల మీద పెట్టండి. దానికి ప్లస్సూ మైనస్సూ ఏమీ లేదు, ఎటు పెట్టినా ఒకటే. ఆ తర్వాత రీసెట్ బటన్‌తోనే ఆన్ చేసుకోవచ్చు. ఏళ్ల తరబడి అలాగే నడుస్తున్న మెషీన్లు నాకు తెలుసు, ఎవరూ మళ్లీ కేబినెట్ మార్చలేదు.

బటన్‌కి ఇంకో రోగం ఉంది, దీనికి వ్యతిరేకం. నొక్కింది నొక్కినట్టే లోపల ఇరుక్కుపోవడం. దుమ్ము, జిగురు, పిల్లలు పోసిన టీ, ఏదైనా కారణం కావచ్చు. అప్పుడు సిస్టమ్ ఆన్ అయి సరిగ్గా నాలుగైదు సెకన్లకి ఆరిపోతుంది. పవర్ బటన్‌ని నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆపేయాలన్నది బోర్డుకున్న నియమం, అది పాటిస్తోంది అంతే. ఆన్ అయిన వెంటనే ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగిపోవడం వేరే సంగతి, అది షార్ట్ వైపు చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా సెకన్లలోనే ఉంది. కాబట్టి ఎవరికైనా ఫోన్లో లక్షణం చెప్పేటప్పుడు "ఆన్ అయి ఆగిపోతోంది" అని వదిలేయకుండా ఎంతసేపటికి ఆగుతోందో కూడా చెప్పండి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

స్క్రూ డ్రైవరుతో కూడా లేవలేదు అనుకుందాం. ఇప్పుడు మల్టీమీటరు తీయండి. దాన్ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద ప్లగ్గుని ఊడదీయకుండానే, దాని వెనక వైర్లు దూరే రంధ్రాల్లోంచి మొన లోపలికి తోసి కొలవవచ్చు. నల్ల మొనని ఏదైనా నల్ల వైరు రంధ్రంలో గానీ, కేబినెట్ రంగులేని ఇనుప భాగానికి గానీ పెట్టండి. ఎర్ర మొనని ఊదా వైరు దగ్గర పెట్టండి. 4.75 నుంచి 5.25 మధ్య చూపించాలి. అది 4 దగ్గరో ఇంకా కిందో ఉంటే, లేదా అంకె నిలకడ లేకుండా ఎక్కిదిగుతుంటే, 24 పిన్నుల ప్లగ్గు ఊడదీసి దాంట్లోనే మళ్లీ కొలవండి. అప్పుడూ తక్కువే అంటే ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బై బలహీనపడింది, మీవాళ్లు చెప్పింది నిజమే. ఊడదీయగానే 5కి ఎక్కితే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం కొంత తగ్గుతుంది, బోర్డు గానీ దానికి తగిలించింది ఏదైనా గానీ కరెంటుని లాగేస్తూ ఉండవచ్చు.

ఊదా సరిగ్గా ఉంటే అసలు ప్రశ్న ఆకుపచ్చ వైరుది. ఎస్‌ఎంపీఎస్‌కీ బోర్డుకీ మధ్య సంభాషణ జరిగేది దాంట్లోనే. సిస్టమ్ ఆగి ఉన్నప్పుడు దాని మీద 3 నుంచి 5 వోల్టుల దాకా కనిపిస్తుంది. మీరు బటన్ నొక్కగానే బోర్డు దాన్ని నేలకి లాగుతుంది, అంటే దాదాపు సున్నా చేస్తుంది. "లే" అని చెప్పడమన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లేచి, వోల్టేజీలన్నీ నిలకడ పడ్డాక, 100 నుంచి 500 మిల్లీ సెకన్లలో బూడిదరంగు వైరులో 5 వోల్టులు పంపుతుంది. "అంతా సవ్యంగా ఉంది" అని జవాబు. అది అందాకే బోర్డు ప్రాసెసర్‌ని పని మొదలుపెట్టనిస్తుంది. మొత్తం వ్యవహారం మాటామంతీలాంటిది, ఎవరు మాట్లాడటం మానేశారో చూస్తే చాలు.

అందుకని ఎర్ర మొన ఆకుపచ్చ దగ్గర పెట్టి ఉంచి, ఇంకొకరిని ఇందాకటి పవర్ స్విచ్ పిన్నుల్ని స్క్రూ డ్రైవరుతో కలపమనండి. (ఒక్కరే ఉంటే కష్టం, రెండు చేతులూ మీటరు మొనలకే సరిపోతాయి.) అంకె కదలకుండా 4 వోల్టుల దగ్గరే కూర్చుంటే బోర్డు అసలు "లే" అని చెప్పలేదు. పిన్నుల్నే నేరుగా కలిపారు, బటన్ ప్రమేయం లేదు కాబట్టి లోపం బోర్డు వైపే. అంకె సున్నాకి పడిపోయి, అయినా ఎస్‌ఎంపీఎస్ లేవకపోతే, బోర్డు చెప్పింది గానీ అవతల వినలేదు. ఎస్‌ఎంపీఎస్ పోయిందన్నా కావాలి, ఎక్కడో షార్ట్ ఉండి గడియ వేసుకుందన్నా కావాలి. అంకె సున్నాకి పడి మళ్లీ వెంటనే పైకి లేస్తే, బోర్డే ఏదో తేడా పసిగట్టి ఆపేసింది.

నా దృష్టిలో ఈ ఒక్క కొలత పది ఊహల పెట్టు. మీటరు లేదని చాలామంది దీన్ని దాటేసి నేరుగా భాగాలు మార్చడం మొదలుపెడతారు. అతి మామూలు మీటరు కూడా ఏ భాగం కంటే చవకే.

ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించే జెమ్ క్లిప్పు పద్ధతి మీరు వినే ఉంటారు. గోడ ప్లగ్గు పీకి, 24 పిన్నుల ప్లగ్గుతోపాటు బోర్డుకీ డిస్కులకీ గ్రాఫిక్స్ కార్డుకీ వెళ్లే ప్లగ్గులన్నీ ఊడదీయండి. జెమ్ క్లిప్పుని సాగదీసి యూ ఆకారంలో వంచి, ఒక కాలు ఆకుపచ్చ పిన్నులో, ఇంకో కాలు దాని పక్కనున్న నల్లదాంట్లో పెట్టండి. ఆకుపచ్చకి రెండు వైపులా నల్లవే ఉంటాయి, ఏదైనా ఫర్వాలేదు. అప్పుడు ప్లగ్గు పెట్టి వెనక స్విచ్ వేయండి. కరెంటు ఉండగా క్లిప్పు కదపకండి. ఫ్యాను తిరిగితే లేచింది. తిరగకపోయినా వెంటనే పోయిందనుకోకండి. ఇప్పటి కొన్ని మోడళ్లలో వేడెక్కితే తప్ప ఫ్యాను తిరగదు. అలాంటప్పుడు మీటరుతో పసుపు వైరు చూడండి. 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే లేచినట్టే. ఎరుపు వైరు 5, నారింజ 3.3, ఇవన్నీ ఐదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు.

కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి వైర్లన్నీ నల్లగానే ఉంటున్నాయి, రంగు చూసి గుర్తుపట్టే వీలు లేదు. నేను చేసే చిట్కా చెప్తాను. 24 పిన్నుల ప్లగ్గుని ఊడదీసి, ఎస్‌ఎంపీఎస్‌కి కరెంటు ఇచ్చి, ఒక్కో పిన్నునీ మీటరుతో చూడండి. స్టాండ్‌బైలో ఒక్కో వరసలో ఒక్క పిన్నే ప్రాణంతో ఉంటుంది. గొళ్లెం ఉన్న వరసలో వోల్టేజీ చూపించేది ఆకుపచ్చ, అవతలి వరసలో చూపించేది ఊదా. మిగతావన్నీ సున్నా. లెక్కపెట్టే పనే లేదు. ఆకుపచ్చ ఎక్కడుందో తెలిశాక మళ్లీ ప్లగ్గు పీకేసి క్లిప్పు పెట్టండి.

ఈ పరీక్షని మరీ నమ్మకూడదు కూడా. క్లిప్పుతో లేవకపోతే చాలావరకు పోయినట్టే. లేస్తే మాత్రం అది బాగున్నట్టు కాదు. ఏ బరువూ లేకుండా నడిచింది అంతే. ఖాళీ చేతులతో నడిచే మనిషి బియ్యం బస్తా ఎత్తగలడో లేదో ఎలా తెలుస్తుంది? బరువు పడగానే కూలిపోయేవి ఉంటాయి. దానికి సరైన పరీక్ష, మంచిదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్‌ని తాత్కాలికంగా తగిలించి చూడటమే. ఎవరిదగ్గరైనా అరువు దొరుకుతుందేమో అడగండి. పెద్ద బ్రాండ్ల రెడీమేడ్ సిస్టమ్‌లలో కొన్నిటికి సొంత తరహా ప్లగ్గులుంటాయి, పిన్నుల సంఖ్య కూడా వేరే. వాటికి ఈ రంగుల లెక్క వర్తించదు, క్లిప్పు పెట్టవద్దు.

ఇక షార్ట్ వేట. పద్ధతి ఏమిటంటే, ఆన్ కావడానికి అక్కర్లేనివన్నీ తీసేయడం. వెనక ఉన్న యూఎస్‌బీలన్నీ, ప్రింటరు, హెడ్‌ఫోన్, నెట్‌వర్క్ కేబుల్, మానిటర్ కేబుల్ కూడా. లోపల హార్డ్ డిస్కుల పవర్, విడి గ్రాఫిక్స్ కార్డు, ముందు ప్యానెల్ యూఎస్‌బీ వైర్లు. బోర్డు, ప్రాసెసరు, దాని కూలరు, ఒక్క ర్యామ్ మాత్రం మిగలాలి. ప్రతిసారీ ప్లగ్గు పీకి, లైటు ఆరాకే చేయి పెట్టండి. ఇలా ఒట్టి బోర్డుతో స్క్రూ డ్రైవరుతో లేస్తే, ఒక్కొక్కటే తగిలిస్తూ వెళ్లండి. ఏది పెట్టినప్పుడు మళ్లీ మొండికేస్తుందో అదే. గ్రాఫిక్స్ కార్డు షార్ట్ అయిపోయి, సిస్టమ్ మొత్తం చచ్చినట్టు కనిపించడం నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు ఎస్‌ఎంపీఎస్ తప్పేమీ లేదు, తన పని తాను చేస్తోంది.

బయట తగిలించినవి తీసేయమని ఇంతగా చెప్పడానికి కారణముంది. ఒకాయన మెషీన్ మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. నా టేబుల్ మీద బటన్ నొక్కగానే లేచేది. ఆయన ఇంటికెళ్తే లేవదు. మూడోసారి నేనే వెళ్లాను. ఆయన ప్రతిసారీ డబ్బా ఒక్కటే తెచ్చేవాడు, చుట్టూ ఉన్నవన్నీ అక్కడే వదిలేసి. అక్కడ కూర్చుని ఒక్కో యూఎస్‌బీ పీకుతూ వెళ్తే, నాలుగోది తీయగానే సిస్టమ్ లేచింది. అదొక పాత హబ్. దాని కేబుల్ టేబుల్ కాలికీ గోడకీ మధ్య నలిగి, లోపలి రాగి తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. యూఎస్‌బీ పోర్టుల్లో చాలావాటికి కరెంటు వెళ్లేది అదే స్టాండ్‌బై 5 వోల్టుల నుంచి కదా, అక్కడ లాగేస్తే బోర్డుకి లేచే ఓపిక ఎక్కడిది? పనిలో పనిగా పోర్టుల లోపలికి కూడా టార్చి వేసి చూడండి. మధ్యలో ఉండే సన్నటి నాలుక విరిగి, పిన్నులు వంగి బయటి ఇనుప గూటికి తగులుతుంటే అదీ షార్టే.

మీ సిస్టమ్ రాత్రిదాకా పనిచేసింది, మధ్యలో ఎవరూ లోపల చేయి పెట్టలేదు అన్నారు కాబట్టి బోర్డు కింద అదనపు స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి పట్టే చిన్న లోహపు కాలు) ఉండిపోవడం, ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే 4+4 పిన్నుల ప్లగ్గు దాని పక్కన పెట్టడం మరిచిపోవడం లాంటివి మీకు వర్తించవు. కొత్తగా అసెంబుల్ చేసుకున్నవాళ్లు మాత్రం ముందు ఈ రెండే చూసుకోవాలి.

బోర్డు మీద అనుమానం తేలితే తొందరపడి పారేయకండి. ముందు గుండ్రటి సెల్, సీఆర్2032, తీసి మీటరుతో చూడండి. కొత్తదానిలో 3 వోల్టులు, కాస్త ఎక్కువే ఉంటుంది. సెల్ పోతే మామూలుగా గడియారం, సెట్టింగులు మాత్రమే పోతాయి, సిస్టమ్ లేస్తుంది. కానీ సెల్ పూర్తిగా ఖాళీ అయితే అసలు లేవని బోర్డులు కొన్ని ఉన్నాయి. మార్చి చూడటంలో నష్టం లేదు. గోడ ప్లగ్గు పీకి ఉంచి సెల్ తీస్తే మామూలుగా ఐదు నిమిషాల్లో పాత సెట్టింగులు కూడా చెరిగిపోతాయి, కొన్నిసార్లు అదే మందు. తర్వాత కెపాసిటర్లు చూడండి. పైన చదునుగా ఉండాల్సిన డబ్బాలు ఉబ్బినా, గోధుమరంగు మడ్డి కారినా అవి పోయినట్టు. 2000 దశకం మొదట్లో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఇది అంటువ్యాధిలా ఉండేది. ఇప్పటి బోర్డుల్లో ఘన కెపాసిటర్లు కాబట్టి అంత కనిపించదు. కాలిన వాసన వస్తోందా, ఎక్కడైనా నల్లబడిందా, ముక్కూ కన్నూ రెండూ వాడండి.

ఫ్యాన్లు తిరిగి తెర మీద బొమ్మ రాకపోవడం పూర్తిగా వేరే రోగం. దాంట్లోకి ఎక్కువ వెళ్లను. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి, ఒక్క స్టిక్‌తో ఒక్కో స్లాటులో పెట్టి చూడటం మొదటి మెట్టు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి పెట్టారేమో చూడటం అంతకంటే ముందు మెట్టు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త బోర్డులు మొదటిసారి, లేదా సెల్ తీసి పెట్టాక, ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లటి తెరతో ఉండిపోతాయి. పాపం చాలామంది ఆ మధ్యలోనే కంగారుపడి ఆపేస్తారు, అది మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

ఇదే ప్రశ్న చదువుతున్నవాళ్లలో బోర్డు మీద లైటు కూడా లేనివాళ్లు ఉంటే: ముందు అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. తర్వాత స్పైక్ బస్టర్ పక్కన పెట్టి నేరుగా గోడకి, తర్వాత మానిటర్ పవర్ కేబుల్ తెచ్చి దీనికి, తర్వాత వెనక స్విచ్ గీత వైపు ఉందా సున్నా వైపు ఉందా. గీత అంటే ఆన్. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని ఎర్రటి చిన్న స్విచ్ ఉంటుంది, 230 వోల్టుల సరఫరా ఉన్నచోట దాన్ని 115కి తోసి ఆన్ చేస్తే ఢామ్మని పేలడమే, ఇక పరీక్షలు అక్కర్లేదు. కొన్ని బోర్డులకి అసలు లైటే ఉండదు, అప్పుడు ఊదా వైరే చెప్పాలి.

చివరికి ఎస్‌ఎంపీఎస్సే అని తేలితే రెండు మాటలు. దాన్ని విప్పి ఫ్యూజు మార్చి చూద్దామనుకోకండి. 230 వోల్టుల ఏసీని మలిచి డీసీ చేస్తే లోపలి పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా నిలుస్తుంది, కొన్ని డిజైన్లలో 400 దగ్గరకి వెళ్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా అది కాసేపు అక్కడే ఉంటుంది. చచ్చిన ఎస్‌ఎంపీఎస్‌లో ఆ ఛార్జిని ఖాళీ చేసే భాగమే చచ్చి ఉండవచ్చు, అప్పుడది ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా ఫ్యూజు ఊరికే పోదు, దాని వెనక ఇంకేదో పోయి దాన్ని లాక్కెళ్లి ఉంటుంది.

రెండోది, కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ రకం కొంటే పాత కేబుళ్లు అక్కడే వదలకుండా అన్నీ తీసేయండి. బోర్డు వైపు, డిస్క్ వైపు ప్లగ్గులు అందరివీ ఒకటే గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఏ కంపెనీది ఆ కంపెనీదే, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారవచ్చు. ఆకారం సరిపోతుంది, నిక్షేపంగా కూర్చుంటుంది, ఆన్ చేయగానే 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వచ్చి హార్డ్ డిస్క్ కాలిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మళ్లీ కొనుక్కోవచ్చు, డిస్కులో ఉన్న ఫోటోలు ఎక్కడ కొంటాం?

మీరు ముందు ప్లగ్గు పీకి బటన్ నొక్కి పట్టుకునే పని, ఆ తర్వాత స్క్రూ డ్రైవరు పని చేసి చూడండి. రెండూ కాకపోతే నాకు మూడు అంకెలు రాయండి: ఊదా వైరు ఎంత, ఆకుపచ్చ వైరు పిన్నులు కలపక ముందు ఎంత, కలిపినప్పుడు ఎంత. బోర్డు మోడల్, మెషీన్ వయసు కూడా రాస్తే మంచిది. అవి చూశాక ఏ భాగం కొనాలో, అసలు కొనాలో వద్దో చెప్తాను.